మోడల్ రైల్వే లేఅవుట్: స్కేలు నుంచి బీమా దాకా ఏది ఎంచుకోవాలి?

మోడల్ రైళ్ల మీద మనసు పడ్డవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: హెచ్‌ఓ స్కేలు తీసుకోవాలా, ఎన్ స్కేలు తీసుకోవాలా (అసలు రైలును ఎన్నో వంతుకు తగ్గించారో చెప్పే కొలతలివి)? నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది వేరే ఉంది. మీరు కట్టబోయే లేఅవుట్, అంటే బల్ల మీద పట్టాలూ దృశ్యాలూ కలిపిన అమరిక, కట్టిన చోటే ఉండిపోతుందా, లేక ఎప్పుడో ఒకప్పుడు విప్పి తరలించాల్సి వస్తుందా? బల్ల ఎంత పెద్దదిగా ఉండాలి, తీగలు ఎలా లాగాలి, పట్టాలు ఎక్కడ తెగాలి, చివరికి ఏ బీమా పాలసీ పనికొస్తుంది, ఇవన్నీ ఆ ఒక్క జవాబును బట్టే తేలతాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, కొన్నాళ్లకు ఆ గదిని ఖాళీ చేయాల్సినవాళ్లు, ప్రదర్శనలకు తీసుకెళ్లాలన్న ఆశ ఉన్నవాళ్లు "కదలాల్సిందే" అని ముందే రాసిపెట్టుకోవాలి. సందేహం ఉంటే కదులుతుందనే అనుకోండి. కదిలేలా కట్టింది ఒకచోటే ఉండిపోతే నష్టమేమీ లేదు. కదలదనుకుని కట్టినదాన్ని కదపాలంటే మాత్రం రంపం తీయాల్సిందే.

## కొలబద్దలు

కదులుతుందా లేదా తేలాక చూసుకోవాల్సింది మీరు దేన్ని ఇష్టపడతారన్నది. రైలు సాగిపోతుంటే కూర్చుని చూడటం ఇష్టమా, లేక వ్యాగన్లను విడదీసి, కలిపి, సైడింగులో (పక్క పట్టా మీద) పెట్టే షంటింగ్ పని ఇష్టమా? ఈ రెండు ఇష్టాలకు కావాల్సిన లేఅవుట్లు పూర్తిగా వేరు. మొదటివాళ్లకు గుండ్రంగా తిరిగే దారి లేకపోతే తోచదు. రెండోవాళ్లకు గుండ్రంగా తిరిగే రైలు పది నిమిషాలకే విసుగు పుట్టిస్తుంది.

ఆ తర్వాత కళ్లు, చేతులు. చిన్న స్కేలులో చక్రాలను పట్టాల మీద కూర్చోబెట్టడమే కొందరికి ఇబ్బంది. చూపు తగ్గినవాళ్లు, వేళ్లు వణికేవాళ్లు ఈ సంగతిని పక్కన పెట్టి స్థలం కలిసొస్తుందని చిన్న స్కేలుకు పోతే, నడిపే ఆనందం కాస్తా కళ్లకు శ్రమగా మారుతుంది. కొనేముందు ఎవరి దగ్గరైనా ఒక వ్యాగన్‌ను పట్టాల మీద పెట్టి చూడండి. అర నిమిషంలో తేలిపోతుంది.

## స్కేలు

ఒక బోగీ అసలు పొడవు 20 మీటర్లు అనుకుందాం. ఇంజను కూడా అంతే ఉందనుకుంటే, ఇంజనూ ఐదు బోగీలూ కలిపి 120 మీటర్లు. ఆ రైలు ఏ స్కేలులో ఎంత చోటు తీసుకుంటుందో చూడండి. గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం.

| స్కేలు | నిష్పత్తి | గేజి | ఒక బోగీ | మొత్తం రైలు |
|---|---|---|---|---|
| జడ్ | 1:220 | 6.5 మి.మీ. | 9 సెం.మీ. | 55 సెం.మీ. |
| ఎన్ | 1:160 | 9 మి.మీ. | 12.5 సెం.మీ. | 75 సెం.మీ. |
| టీటీ | 1:120 | 12 మి.మీ. | 17 సెం.మీ. | 100 సెం.మీ. |
| హెచ్‌ఓ | 1:87 | 16.5 మి.మీ. | 23 సెం.మీ. | 138 సెం.మీ. |
| ఓ | 1:45 | 32 మి.మీ. | 44 సెం.మీ. | 267 సెం.మీ. |

ప్లాట్‌ఫాం కనీసం ఆ చివరి గడిలో ఉన్నంత పొడవుండాలి. దాని రెండు కొసల్లో పాయింట్లకు (రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే ముక్కలకు) చోటు వేరే. హెచ్‌ఓలో ఐదు బోగీల స్టేషన్ రెండు మీటర్లు దాటడానికి కారణం ఇదే.

మలుపు సంగతి ఇంకా ముఖ్యం. పెట్టెలో ఇచ్చే మలుపు పట్టాలు హెచ్‌ఓలో 36 సెం.మీ. వ్యాసార్ధం నుంచే దొరుకుతాయి. వాటి మీద పొట్టి వ్యాగన్లు బాగానే నడుస్తాయి. పొడుగు బోగీలు మాత్రం మూలల్లో బయటికి పొడుచుకొచ్చి బొమ్మల్లా కనిపిస్తాయి. మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడుగు బండి పొడవుకు మూడు రెట్లు వ్యాసార్ధం ఉంటే నమ్మకంగా నడుస్తుందన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. అలా చూస్తే హెచ్‌ఓకు 69 సెం.మీ., ఎన్‌కు 38 సెం.మీ. కావాలి. రైలు పూర్తిగా వెనక్కి తిరగాలంటే దానికి రెట్టింపు వెడల్పు, అంచుల్లో మరికాస్త జాగా. కాబట్టి మీటరు వెడల్పు బల్ల మీద ఎన్ స్కేలు దర్జాగా తిరుగుతుంది. అదే బల్ల మీద హెచ్‌ఓ ఒదిగి ఒదిగి తిరగాల్సి వస్తుంది.

మరి హెచ్‌ఓనే ఎక్కువమంది ఎందుకు ఎంచుకుంటారు? సరుకు విరివిగా దొరుకుతుంది. బరువు ఉంటుంది కాబట్టి చక్రం పట్టాను గట్టిగా పట్టుకుంటుంది. పట్టా మీద చిన్న మురికి ఉన్నా దాటిపోతుంది. విప్పి బాగు చేసుకోవడానికి వేలు పట్టే చోటుంటుంది. ఎన్‌లో ఇంజను తేలిక, చక్రం చిన్నది. కాబట్టి పట్టాలు పరిచేటప్పుడు చూపించాల్సిన శుభ్రత, నేర్పు రెట్టింపు. స్థలం ఉండి కూడా ఎన్ ఎంచుకోవడానికి నాకు ఒకే మంచి కారణం కనిపిస్తుంది: కొండల మధ్య పొడవాటి రైలు సాగిపోవడం చూడాలన్న కోరిక. ఆ దృశ్యం ఎన్‌లో వచ్చినట్టు హెచ్‌ఓలో రావాలంటే హాలంత గది కావాలి.

కొనేటప్పుడు తికమక పెట్టేది ఒకటుంది. బ్రిటిష్ ఓఓ స్కేలు 1:76. కానీ అది నడిచేది హెచ్‌ఓ పట్టాల మీదే. పట్టా ఒకటే కదా అని రెండూ కలిపి కొంటే పక్కపక్కన నిలబెట్టినప్పుడు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎన్‌లోనూ అంతే: బ్రిటన్ మోడళ్లు 1:148, జపాన్ మామూలు రైళ్లు 1:150, షింకాన్‌సెన్ బుల్లెట్ రైళ్లు 1:160. పట్టా మాత్రం అన్నిటికీ 9 మి.మీ. టీటీ చాలా ఏళ్లు మధ్య యూరప్‌కే పరిమితమైంది. 2022లో బ్రిటిష్ కంపెనీ హార్న్‌బీ 1:120లో కొత్త వరుస మొదలుపెట్టాక కొత్తవాళ్ల చూపు అటు మళ్లింది. స్థలం కలిసిరావడానికీ, చేతికి అనువుగా ఉండటానికీ మధ్యస్థంగా ఉండే స్కేలు అది. మీకు కావాల్సిన బండ్లు అందులో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

జడ్ గురించి ఎక్కువ చెప్పను. జర్మన్ కంపెనీ మెర్‌క్లిన్ 1972లో తెచ్చింది. సూట్‌కేసులో పట్టేంత లేఅవుట్ కావాలనుకునేవాళ్లకు అదే. తోటలో నడపాలనుకునేవాళ్లకు 45 మి.మీ. గేజి జీ స్కేలు. ఎండకూ వానకూ తట్టుకునే పట్టాలు, బ్యాటరీతో నడిచే ఇంజన్లు, అదంతా వేరే వ్యవహారం.

## లేఅవుట్ రూపం

నాలుగు దారులున్నాయి.

గుండ్రటి దారి. పట్టాలు పరిచిన రోజే రైలు నడుస్తుంది. పిల్లలున్న ఇంటికి ఇదే మేలు. ఒక లూపు, రెండు సైడింగులు కలిపితే కొన్నాళ్లపాటు కాలక్షేపానికి లోటుండదు. కానీ బల్ల లోతు ఎక్కువ కావాలి, చెయ్యి అందేది సుమారు 70 సెం.మీ. దాకానే. అంతకు మించితే రెండు వైపుల నుంచీ వెళ్లే వీలుండాలి. గోడకు ఆనించిన బల్ల వెనక మూలలో బోగీ పట్టా తప్పితే అందుకోబోయి ముందున్న సిగ్నళ్లన్నీ మోచేత్తో విరగ్గొట్టుకుంటాం.

ఈ కొస నుంచి ఆ కొసకు. ఒకవైపు స్టేషన్, రెండోవైపు తెర వెనక రైళ్లను మార్చి పెట్టుకునే యార్డు. గోడ వెంబడి అల్మరా అరంత వెడల్పు చాలు. రైలు వస్తుంది, ఇంజను మారుతుంది, తిరిగి వెళ్తుంది. నిజమైన రైల్వేకు ఇదే దగ్గర. ఒంటరిగా నడిపేవాళ్లకు కాస్త హడావిడి ఎక్కువే.

షంటింగ్ లేఅవుట్. స్థలం లేదని వెనకాడేవాళ్లకు నేను మొదట చెప్పేది దీని గురించే. బ్రిటన్‌కు చెందిన ఆలన్ రైట్ రూపొందించిన 'ఇంగిల్‌నుక్' పథకంలో రెండే పాయింట్లు, మూడే సైడింగులు. ఒక సైడింగులో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ముందున్న హెడ్‌షంట్‌లో, అంటే ఇంజను ముందుకూ వెనక్కూ జరిగే పట్టా ముక్కలో, ఇంజనూ మూడు వ్యాగన్లూ పట్టాలి. బోర్డు మీద ఎనిమిది వ్యాగన్లు. వాటి పేర్లు చీటీల మీద రాసి ఐదు తీయాలి. ఏ వరసలో వస్తే ఆ వరసలో ఆ ఐదింటినీ పొడవాటి సైడింగులో పేర్చాలి. 8 × 7 × 6 × 5 × 4, అంటే 6,720 రకాల వరసలు వస్తాయి. ఒకే ఆట రెండోసారి ఎదురయ్యేలోపు ఏళ్లు గడుస్తాయి. హెచ్‌ఓలో పొట్టి వ్యాగన్లతో మీటరున్నర బోర్డు మీద ఇది పడుతుంది, తలుపు వెనక నిలబెట్టి దాచుకోవచ్చు. నిదానంగా నడిచే మంచి ఇంజను ఒక్కటి మాత్రం తప్పనిసరి. గెంతుతూ కదిలే ఇంజనుతో షంటింగ్ చేయడం శిక్షే.

మాడ్యూళ్లు. ఒక్కొక్కరూ ఒక్కో ముక్క కట్టి, అందరూ కలిసినప్పుడు జోడించి నడపడం. ఎన్ స్కేలులో టీ‌ట్రాక్ పద్ధతి బల్ల మీద పెట్టే చిన్న పెట్టెలతో పని కానిస్తుంది. దానికి వాడే కాటో కంపెనీ యూనిట్రాక్ పట్టాలు ఒకదానికొకటి టక్కున అతుక్కుంటాయి. ఇంట్లో చోటు తక్కువ, తోటి అభిరుచివాళ్ల సహవాసం ఎక్కువ ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి ఎంపిక లేదు. అయితే జోడించే చోట పట్టాల స్థానం, ఎత్తు నియమాల ప్రకారమే ఉండాలి. అక్కడ మీ ఇష్టం చెల్లదు.

ఏ రూపమైనా వంతెన పెట్టి ఒక దారి మీదుగా మరో దారి పంపాలనుకుంటే ముందు లెక్క వేసుకోండి. 2 శాతం వాలు అంటే మీటరుకు 2 సెం.మీ. ఎత్తు. హెచ్‌ఓలో కింది పట్టా నుంచి పై పట్టాకు సుమారు 8 సెం.మీ. కావాలి. ఎక్కడానికి నాలుగు మీటర్లు, దిగడానికి మరో నాలుగు. చిన్న బల్ల మీద 4 శాతం వాలు పెట్టి, ఇంజను రెండు బోగీలు కూడా లాగలేక జారుతుంటే ఇంజన్ని తిట్టుకోవడం న్యాయం కాదు.

## బల్ల

చెక్క చట్రం మీద 9 నుంచి 12 మి.మీ. ప్లైవుడ్ నా మొదటి ఎంపిక. మేకు, మర, జిగురు దేన్నైనా పట్టి ఉంచుతుంది. ఎండీఎఫ్ నున్నగా, సమంగా ఉంటుంది కానీ బరువు, పైగా చెమ్మ తగిలితే ఉబ్బుతుంది. కోస్తే లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు లేకుండా కోయకండి. గట్టి ఫోమ్ షీట్లు మోయడానికి ఎంతో తేలిక, లోయలూ వాగులూ కత్తితోనే చెక్కుకోవచ్చు. కదిలే లేఅవుట్‌కు సన్నటి ప్లైవుడ్ చట్రంలో ఫోమ్ బిగించడం చక్కటి రాజీ. కానీ పాయింట్ మోటార్లు కింద బిగించడానికి అందులో మర పట్టదు. ఆ చోట్ల చెక్క ముక్కలు అతికించుకోవాలి.

కదిలే బోర్డుల ఆయుష్షు అతుకుల దగ్గరే తేలుతుంది. రెండు బోర్డుల మధ్య లోహపు డోవెల్స్ (బోర్డులను సరిగ్గా కలిపే పిన్నులు) పెట్టి, బోల్టులతో బిగించాలి. అంచున పట్టాల కింద ఇత్తడి మరలు దింపి, పట్టాను ఆ మర తలకు సోల్డర్ చేయాలి. అప్పుడు చొక్కా చెయ్యి తగిలినా పట్టా చివర వంగదు. పట్టాను అతుకు మీదుగా ఒకే ముక్కగా పరిచి, సోల్డర్ చేశాక సన్నటి రంపంతో కోస్తే రెండు కొసలూ సరిగ్గా ఎదురెదురుగా వస్తాయి.

## డీసీయా, డీసీసీయా?

డీసీ అంటే పట్టాలో వోల్టేజిని పెంచి, తగ్గించి రైలు నడిపే పాత పద్ధతి. డీసీసీ అంటే ప్రతి ఇంజనుకూ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి. ఇంజనులో ఉండి ఆ ఆదేశాలను చదివే చిన్న చిప్పే డీకోడర్.

| చూడాల్సింది | డీసీ | డీసీసీ |
|---|---|---|
| పట్టాలో ఏముంటుంది | 0 నుంచి 12 వోల్టులు, వేగాన్ని బట్టి మారుతూ | ఎప్పుడూ నిండు వోల్టేజి, అందులోనే ఆదేశాలు |
| రెండు రైళ్లు | విడి సెక్షన్లు, స్విచ్‌లు కావాలి | ఒకే పట్టా మీద వేర్వేరుగా |
| ఇంజను | పెట్టెలోంచి తీసి నడపొచ్చు | ప్రతిదానికీ డీకోడర్ |
| లైట్లు, శబ్దం | పరిమితం | ఆగి ఉన్నప్పుడూ పనిచేస్తాయి |
| మొదటి ఖర్చు | తక్కువ | ఎక్కువ |

జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ పని ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో డీసీసీని ప్రమాణంగా తీసుకుంది. అందుకే ఒక కంపెనీ డీకోడర్ మరో కంపెనీ కంట్రోల్ స్టేషన్‌తో (ఆదేశాలు పంపే పెట్టెతో) పనిచేస్తుంది. చేతిలో పట్టుకుని వేగం మార్చే థ్రాటిల్ విషయంలో ఆ హామీ లేదు. అది కంట్రోల్ స్టేషన్‌తో మాట్లాడే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి మీ దగ్గరలోని మిత్రులు వాడుతున్న పద్ధతే తీసుకుంటే అరువుకూ, సలహాకూ దారి ఉంటుంది.

పాత ఇంజన్లు చాలా ఉండి, ఒకసారి ఒకటే నడిపేవాళ్లు డీసీలోనే ఉండొచ్చు. చిన్నతనం అని అనుకోనక్కర్లేదు. ఇంగిల్‌నుక్‌కు డీసీ చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, రెండు రైళ్లు నడపాలనుకునేవాళ్లకు మాత్రం నేను డీసీసీయే చెబుతాను. ఇంజన్లు రెండు మూడు ఉన్నప్పుడు మారడం తేలిక, ముప్పై ఉన్నప్పుడు డీకోడర్ల ఖర్చే గుదిబండ.

"డీసీసీకి రెండు తీగలు చాలు" అన్న ప్రచారాన్ని నమ్మకండి. పట్టాలను కలిపే జాయినర్లు కొన్నాళ్లకు వదులై కరెంటు అందకుండా పోతుంది. బల్ల కింద మందపాటి బస్ తీగ (ప్రధాన తీగ) ఒక జత లాగి, ప్రతి పట్టా ముక్కకూ సన్నటి తీగ సోల్డర్ చేయాలి. తర్వాత నాణెం పరీక్ష: లేఅవుట్‌లో ప్రతిచోటా రెండు పట్టాల మీద అడ్డంగా ఒక నాణెం పెట్టండి. వెంటనే కరెంటు ట్రిప్ అవ్వాలి. ఏదైనా చోట ట్రిప్ కాకపోతే అక్కడ తీగలు చాలలేదని అర్థం. అక్కడే ఒక బోగీ పట్టా తప్పి షార్ట్ అయితే ఆ కరెంటంతా వేడిగా మారి చక్రాన్నీ, ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది.

## నడిపేటప్పుడు

పట్టాలకు ఇసుక కాగితం తగలనివ్వకండి. గీతలు పడి మురికి మరింత పట్టుకుంటుంది. నూలు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. వాడేటప్పుడు కరెంటు ఆపి, కిటికీ తెరవండి. ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. ప్లాస్టిక్ చక్రాలు తీసేసి లోహపు చక్రాలు వేస్తే శుభ్రం చేసే పనిలో సగం తప్పుతుంది.

బండి పట్టా తప్పుతోందా? వేర్వేరు బండ్లు ఒకేచోట తప్పితే లోపం పట్టాలో ఉంది. ఒకే బండి వేర్వేరు చోట్ల తప్పితే లోపం చక్రాల్లో. ముందుగా రెండు చక్రాల మధ్య దూరాన్ని గేజి అనే కొలత పరికరంతో కొలవండి. ఆ తర్వాత బండి బరువు. ఈ క్రమం తప్పి, నిక్షేపంగా ఉన్న పాయింట్‌ను పీకి పాడుచేసుకోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది.

## బీమా

ఇక్కడికొచ్చేసరికి మొదటి ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. ఇంట్లోనే ఉండే లేఅవుట్‌కూ, బయటికి వెళ్లే లేఅవుట్‌కూ ఒకే పాలసీ సరిపోదు.

ఇంటి వస్తువుల పాలసీ. చిన్న లేఅవుట్, నాలుగైదు ఇంజన్లు ఉన్నవాళ్లకు ఇది సరిపోవచ్చు. మూడు చూడండి: ఒక్కో వస్తువుకు గరిష్ఠ పరిమితి ఎంత, 'సేకరణ' మొత్తాన్ని ఒకే వస్తువుగా లెక్కేస్తారా, ఇంటికి బయట ఉన్న షెడ్డుకూ గ్యారేజీకీ వర్తిస్తుందా. మూడోది చాలామంది చూసుకోరు.

విడిగా పేర్లు రాయించుకోవడం. ఖరీదైన ఇంజన్లను పాలసీలో ఒక్కొక్కటిగా నమోదు చేయించడం. పది ఖరీదైన వస్తువులున్నవాళ్లకు బాగుంటుంది. వంద ఉంటే ప్రతి కొనుగోలుకూ జాబితా మార్చడం తలనొప్పి.

సేకరణలకు ప్రత్యేక పాలసీ. ఇది అన్నిచోట్లా దొరకదు. దొరికితే ప్రయాణంలో నష్టం, ప్రదర్శనలో నష్టం, ఒప్పుకున్న విలువ లాంటివి ఇందులో ఉండే అవకాశం ఎక్కువ. లేఅవుట్ బయటికి వెళ్లేవాళ్లు ముందు వెతకాల్సింది ఇదే.

క్లబ్బు పాలసీ. ప్రదర్శనలో సందర్శకులకు దెబ్బ తగిలితే వచ్చే బాధ్యతకు ఇది అవసరం. కానీ క్లబ్బు పాలసీలో సభ్యుల సొంత వస్తువులు ఉన్నాయో లేవో కాగితం మీద చూడాలి. నోటిమాట సరిపోదు.

2019 మే నెలలో ఇంగ్లండ్‌లోని స్టామ్‌ఫోర్డ్‌లో మార్కెట్ డీపింగ్ క్లబ్బు ప్రదర్శనకు సిద్ధం చేసిన లేఅవుట్లను రాత్రికి రాత్రి కొందరు కుర్రాళ్లు చొరబడి ధ్వంసం చేశారు. ఏళ్ల తరబడి చేత్తో కట్టినవి కాళ్ల కింద నలిగాయి. లోకమంతా కదిలి లక్ష పౌండ్లకు పైగా విరాళాలు వచ్చాయి. గాయకుడు రాడ్ స్టీవర్ట్ పది వేల పౌండ్లు ఇచ్చాడు. అలాంటి ఆదరణ అందరికీ దొరకదు. ప్రదర్శన మొదలవకముందు రాత్రి హాల్లో తాళం వేసి ఉన్న గంటలకు కూడా రక్షణ ఉందా అని మీ బీమా కంపెనీని ఒకసారి అడగండి.

విలువ తక్కువ చూపించి ప్రీమియం మిగుల్చుకుందామనే ఆలోచన చాలా ప్రమాదం. మీ సామాను విలువ 10 లక్షలు, మీరు చూపించింది 5 లక్షలు, నష్టం 4 లక్షలు అనుకోండి. చాలా పాలసీల్లో దామాషా నిబంధన ఉంటుంది. సగానికే బీమా చేశారు కాబట్టి సగమే, అంటే 2 లక్షలే చేతికొస్తాయి. మొత్తం పోకపోయినా ఈ కోత పడుతుంది.

ఇంకో ముఖ్యమైన తేడా: కొత్తది కొనిచ్చే పాలసీయా, తరుగుదల తీసేసి ఇచ్చేదా? ఉత్పత్తి ఆగిపోయిన మోడల్‌కు కొత్తది దొరకదు. అలాంటివాటికి ముందే ఒప్పుకున్న విలువ రాయించుకోవడమే దారి. మీ శ్రమ విలువ మరీ చిక్కు. మూడేళ్లు కూర్చుని చెట్లూ కొండలూ చేసిన పనికి మామూలు పాలసీ కలప, రంగుల ఖరీదే కట్టిస్తుంది. మరొకరితో తిరిగి కట్టించడానికి అయ్యే ఖర్చు లెక్కలోకి రావాలంటే ఆ మాట పాలసీలో ఉండాలి. అరుగుదల, చెమ్మ, పురుగు, మోటారు కాలిపోవడం సాధారణంగా మినహాయింపుల్లోనే ఉంటాయి. పాత ఇంజన్లలో జింకు మిశ్రమం దానంతటదే బీటలువారి పొడి అయ్యే జబ్బు ఒకటుంది. దానికి ఏ బీమా ఆదుకోదు. పాతవి కొనేటప్పుడే చట్రాన్ని వెలుతురులో తిప్పి చూసుకోవాలి.

క్లెయిమ్ గెలిచేది జాబితాతోనే. ప్రతి ఇంజనుకూ తయారీదారు, కేటలాగు నంబరు, కొన్న తేదీ, ధర, ఇప్పుడు దొరికే ధర, డీకోడర్ విడిగా వేయించి ఉంటే దాని ఖరీదు ఒక వరసలో రాయండి. పక్కన రెండు ఫొటోలు, ఒకటి అడుగు భాగానిది. లేఅవుట్‌ను కట్టే దశల్లోనే, ముఖ్యంగా తీగలు మూసేయకముందు, ఫొటోలు తీసి పెట్టండి. బల్ల కింద ఎంత పని ఉందో సర్వేయర్‌కు చూపించడానికి తర్వాత వేరే మార్గం ఉండదు. ఏడాదికోసారి ధరలు సరిచూసి, బీమా మొత్తం పెంచమని రాతపూర్వకంగా అడగండి. ఆ జాబితా కాపీ ఒకటి లేఅవుట్ ఉన్న ఇంట్లో కాకుండా వేరేచోట ఉంచండి.